ఉప్పుగాలిలో ఉక్కుకు కవచం

విశాఖపట్నం ఉక్కును కనే ఊరు. ఉక్కును తినే ఊరు కూడా ఇదే. గాజువాక అవతల బ్లాస్ట్ ఫర్నేసుల్లో కరిగి, వైర్ రాడ్ చుట్టలుగా, కడ్డీలుగా బయటికొచ్చే ఉక్కు కోసం పక్కనే సముద్రం కాచుకుని ఉంటుంది. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ జనం వీధుల్లోకి వచ్చి, ప్రాణాలు పోగొట్టుకుని సాధించుకున్న కర్మాగారం అది. 1971లో పునాదిరాయి పడింది, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైంది. అంత కష్టపడి తెచ్చుకున్న లోహం ఒక స్కూటరు స్టాండు బోల్టుగా మారి బీచ్ రోడ్డు పక్కకు చేరాక, పైన పూత సరిగ్గా లేకపోతే రెండు వానాకాలాలు గడవకముందే ఎర్రబడిపోతుంది. ఉక్కును పుట్టించడం ఎంత గొప్ప విద్యో, దాన్ని నిలబెట్టడం అంత గొప్ప విద్య. ఆ నిలబెట్టే విద్యలో నన్ను కట్టిపడేసింది ప్లేటింగు. మందం మిల్లీమీటరులో నూరోవంతుకు అటూ ఇటూగా ఉండే పొర సముద్రానికి అడ్డం నిలబడుతుంది. అందులోని అందం గురించే ఈ వ్యాసం.

ముందు ఇక్కడి గాలి సంగతి చెప్పాలి. కెరటం విరిగిన ప్రతిసారీ తుంపరలు గాలిలోకి లేస్తాయి. నీరు ఆవిరైపోగా మిగిలిన ఉప్పు గాలితోపాటు ఊళ్లోకి వస్తుంది. లాసన్స్ బే కాలనీలోనో పెదవాల్తేరులోనో ఆరుబయట నిలిపిన బండి మీద వేలు రాస్తే ఆ జిగట తెలుస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, మామూలు ఉప్పు తానే నీటిని పీల్చుకుని ద్రావణమైపోతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకైతే 33 శాతం సరిపోతుంది. అందువల్ల విశాఖలో వాన పడనక్కర్లేదు, మంచు కురవనక్కర్లేదు. బోల్టు తల మీద కంటికి కనబడని తడి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. దానికి పరిశ్రమల గంధకపు వాయువులు, రేవు దుమ్ము తోడైతే తుప్పుకు కావలసినవన్నీ అమరినట్టే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు సముద్రం గాలినెక్కి ఊరి మీద పడింది. మిగిలిన రోజుల్లో అదే పని నిదానంగా, చప్పుడు లేకుండా జరుగుతూ ఉంటుంది.

గాలికి లోహాన్ని తినే శక్తి ఎంత ఉందో చెప్పడానికి ఐఎస్ఓ 9223 అనే ప్రమాణం సీ1 నుంచి సీ5 దాకా, ఆపైన సీఎక్స్ అని తరగతులు కట్టింది. ఉప్పు బాగా తగిలే తీరాన్ని సీ5గా లెక్కవేస్తారు. ఆ గాలిలో పూతలేని ఉక్కు మొదటి ఏడాదిలో 80 నుంచి 200 మైక్రాన్ల దాకా కోల్పోతుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). అదే గాలిలో జింకు కోల్పోయేది 4.2 నుంచి 8.4 మైక్రాన్లు. ఒకే గాలి, ఒకే ఉప్పు, ఇరవై రెట్ల తేడా. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసినప్పుడు జింకు మీద గౌరవం పుట్టకుండా ఉండదు.

క్షేమేంద్రుడు పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో కూర్చుని, కావ్యానికి ప్రాణం ఔచిత్యమని సిద్ధాంతం చేశాడు. ఏ అలంకారమైనా తగినచోట ఉంటేనే శోభ. తగని చోట ఎంత ఖరీదైనదైనా వెలితే. బండి భాగాలకు పూత ఎంచుకునే పనికి ఇంతకంటే మంచి సూత్రం నాకు దొరకలేదు. ప్లేటింగు అందమంతా ఒక వరసలో ఉంది. సముద్రం మీద పడ్డప్పుడు ఏ లోహం ముందు పోవాలి, ఏది తరువాత పోవాలి, ఏది అసలు పోకూడదు అన్నది ముందే తెలిసి కట్టిన పూత అందమైన పూత. మెరుపు ఆ తరువాతి మాట.

ఆ వరసలో మొదటి పేరు జింకు. లోహాలన్నిటికీ విద్యుద్రసాయన శ్రేణిలో ఒక్కొక్క స్థానం ఉంది. జింకుది మైనస్ 0.76 వోల్టులు, ఇనుముది మైనస్ 0.44. రెండూ ఒకదాన్నొకటి తాకుతూ ఉప్పునీటిలో తడిస్తే ఎలక్ట్రాన్లు వదిలి కరిగే పని జింకు తీసుకుంటుంది, ఇనుము చెక్కుచెదరకుండా ఉంటుంది. రంగు వేసిన ఇనుము మీద గీత పడితే ఆ గీతలోంచి తుప్పు లోపలికి పాకి రంగును పొరలు పొరలుగా లేపేస్తుంది. జింకు పూత మీద గీత పడితే అలా జరగదు. గీతకు అటూ ఇటూ ఉన్న జింకు ముందుకొచ్చి తాను కరుగుతూ, బయటపడ్డ ఉక్కును కాపాడుతుంది. పానా జారి బోల్టు అంచున గీసుకున్నచోట నెలలు గడిచినా ఎరుపు రాకపోవడం గమనించండి. అక్కడ పూత లేదు, అయినా కాపలా ఉంది. వ్యంగ్యార్థం వాచ్యార్థాన్ని దాటి పనిచేసినట్టు, జింకు తానున్న హద్దు దాటి పనిచేస్తుంది. నా దృష్టిలో ఇది లోహాలలోని ధ్వని.

ఈ గుణాన్ని మొదట ఓడల మీద ప్రయోగించి చూసినవాడు హంఫ్రీ డేవీ. 1824లో బ్రిటిష్ నౌకాదళం కోసం, ఓడల అడుగున తొడిగిన రాగిరేకులకు జింకు, ఇనుప ముక్కలు తగిలించాడు. రాగి కరగడం ఆగింది. కానీ కరిగే రాగి విషమే అంతవరకూ నత్తగుల్లలను దూరంగా ఉంచింది కాబట్టి, అది ఆగిపోగానే ఓడల అడుగుకు గుల్లలు పట్టి వేగం తగ్గిపోయింది. ఆయన రసాయనశాస్త్రం నూటికి నూరుపాళ్లు నిజం, ప్రయోగించిన చోటు మాత్రం తగినది కాదు. ఔచిత్యానికి ఇంతకంటే పెద్ద పాఠం ఏముంటుంది! తరువాత 1837లో ఫ్రాన్సులో సోరెల్ ఇనుమును కరిగిన జింకులో ముంచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటినుంచి గాల్వనైజింగు ప్రపంచమంతా పాకింది. డేవీ ఊహ కూడా వృథా పోలేదు. ఈనాడు ఉక్కు ఓడల అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. 1948లో ‘జల ఉష’ ఓడ నీటిలోకి దిగిన సింధియా తీరాన ఆ దిమ్మల విలువ ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

జింకును తీయడంలోనూ మనకు పాత ఘనత ఉంది. రాజస్థాన్‌లోని జావర్ గనుల దగ్గర, తలకిందులుగా నిలిపిన మట్టి మూసల్లో ఖనిజాన్ని కాల్చి, ఆవిరైన జింకును కిందికి దింపి చల్లార్చేవారు. ఇంగ్లండులో విలియం ఛాంపియన్ 1738లో పేటెంటు తీసుకోవడానికి శతాబ్దాల ముందే ఇక్కడ అది పరిశ్రమగా నడిచింది. జింకుతో చిక్కేమిటంటే, ఖనిజం నుంచి విడివడే వేడిలోనే అది ఆవిరైపోతుంది. పట్టుకోవడం తెలియనివాడికి పొగే మిగులుతుంది. ఆ విద్యకు ఆధునిక రూపం 1977లో విశాఖపట్నానికి వచ్చింది. హిందుస్థాన్ జింక్ కంపెనీ ఇక్కడ స్మెల్టరు పెట్టి, గత దశాబ్దం దాకా నడిపింది. ఉక్కూ, దాన్ని కాపాడే జింకూ ఒకే ఊళ్లో తయారైన కాలం అది.

ఇక పూత పుట్టే చోటికి వెళదాం. ఏ పారిశ్రామికవాడలోనైనా చిన్న ప్లేటింగు షాపు ఇలాగే ఉంటుంది: వరసగా తొట్టెలు, ఆమ్లపు ఘాటు, తడిసిన నేల. బోల్టులను ముందు క్షారంలో వేసి జిడ్డు వదలగొడతారు. కడిగి, ఆమ్లంలో వేసి పొలుసు, పాత తుప్పు దింపుతారు. మళ్లీ కడిగి, చిల్లుల బ్యారెల్లో పోసి జింకు ద్రావణంలో దించుతారు. బ్యారెల్ మెల్లగా తిరుగుతూ ఉంటుంది. కరెంటు నడుస్తున్నంతసేపూ బోల్టులు ఒకదానిమీద ఒకటి దొర్లుతూ జింకును పైకి తెచ్చుకుంటాయి. బయటికి తీసినప్పుడు అవి నీలి తెలుపులో, ఇంకా నోరు విప్పని మొహంతో ఉంటాయి. పలుచని నైట్రిక్ ఆమ్లంలో ఒక్కసారి ముంచితే మొహం తేటపడుతుంది. ఆ తరువాత క్రోమేటు తొట్టె. కొన్ని సెకన్లలో బోల్టు ఒంటి మీద బంగారు పసుపు లేస్తుంది. తిప్పి చూస్తే పావురం మెడలో లాగా ఆకుపచ్చా గులాబీ ఒకదాంట్లోకి ఒకటి జారుతుంటాయి. ఆ రంగులు అద్దినవి కావు. జింకు మీద ఏర్పడిన అతిపలుచని పొరలో వెలుగు విరిగి, కలిసి, విడిపోవడం వల్ల పుట్టినవి. పొర మందం మారిన చోటల్లా రంగు మారుతుంది. ఆ అందమే పనితనానికి గుర్తు కూడా: చేయి తిరిగినవాడు రంగు చూసి పొర ఎలా కూర్చుందో చెప్పేస్తాడు.

ఆ పసుపు పొరకు మరో సుగుణం ఉండేది. గీత పడినప్పుడు పొరలోని కరిగే క్రోమియం తడిలో కదిలి గాయం మీదికి చేరి మళ్లీ పొర కట్టేది. కానీ అది ఆరు వేలెన్సీల క్రోమియం. మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థం. తొట్టె పక్కన నిలబడేవాడి ఊపిరితిత్తులను, కాలువలోకి వదిలిన నీళ్లను అది వదిలిపెట్టదు. యూరోపు 2007 జూలై నుంచి కొత్త వాహనాల్లో దాన్ని నిషేధించింది. దాని స్థానంలోకి మూడు వేలెన్సీల క్రోమియం వచ్చింది. రంగు లేత నీలం, లేదా చూసీచూడనట్టు మెరిసే తెలుపు. పసుపంత ఆకట్టుకోదు. అయినా ఈ రెండింటిలో నాకు నీలమే అందమైనది. ఆ పనిచేసే మనిషి ఒంటికి హాని చేసే అందం ఔచిత్య పరీక్షలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

ప్లేటింగుతో వచ్చే జింకు మందం మామూలుగా 5 నుంచి 12 మైక్రాన్లు. ముందు చెప్పిన అంకెలు గుర్తుచేసుకోండి. సీ5 గాలిలో 8 మైక్రాన్ల పూత ఏడాది, మహా అయితే రెండేళ్లు. అంటే ఆ బోల్టు కారు లోపల సీటు కింద, డ్యాష్‌బోర్డు వెనక ఉంటే తిరుగులేదు. చాసిస్ కింద ఉంటే మాత్రం త్వరగా చేతులెత్తేస్తుంది. చాసిస్ కింద ఉండాల్సింది జీఐ బోల్టు, అంటే హాట్ డిప్ చేసినది. 450 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న జింకులో ముంచి తీసిన బోల్టుకు 40, 50 మైక్రాన్ల పూత పడుతుంది. అదే గాలికి అదే లెక్కన దాదాపు అయిదు నుంచి పన్నెండేళ్లు.

హాట్ డిప్ పూతను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే మరో ప్రపంచం. జింకు ఉక్కు మీద ఊరికే అంటుకోదు, ఉక్కులోకి కలిసిపోతుంది. అడుగున ఇనుము పాలు ఎక్కువగా గామా పొర, దానిపై డెల్టా, ఆపైన జీటా, చివరికి దాదాపు శుద్ధ జింకుతో ఈటా. లోపలి మిశ్రమ పొరలు మామూలు ఉక్కుకంటే గట్టివి. పైపొర మెత్తన. దెబ్బ తగిలితే పైన మెత్తగా అణిగి, లోపల గట్టిగా నిలబడుతుంది. ఇలాంటి పొందికను ఏ చేయీ చెక్కలేదు. వేడీ, కాలమూ కలిసి కట్టాయి. ఉక్కులో సిలికాన్ పాలు కాస్త మారితే ఈ పొరలు ఒత్తుగా పెరిగి పైదాకా వచ్చేస్తాయి. అప్పుడు పూత మెరవదు, బూడిదరంగులో మొద్దుగా ఉంటుంది. కొనేవాళ్లు దాన్ని చూసి పాతసరుకు అనుకుని పక్కన పెడతారు. నిజానికి ఆ మొద్దు బూడిద పూతలో జింకు ఎక్కువ, ఆయుష్షూ ఎక్కువ.

ఈ పద్ధతిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించేది నట్టు. బోల్టు మరల మీద 50 మైక్రాన్ల జింకు పేరుకుంటే మామూలు నట్టు దాని మీదికి ఎక్కదు. అందుకని నట్టుకు గాల్వనైజింగు అయ్యాక లోపలి మరలను కాస్త వదులుగా మళ్లీ కోస్తారు. అంటే నట్టు లోపల పూత ఉండదు, ఒట్టి ఉక్కు. తెలియనివాడికి అది లోపంలా కనబడుతుంది. బిగించాక ఆ ఒట్టి ఉక్కు బోల్టు మీది జింకును ఆనుకుంటుంది. బోల్టు జింకే నట్టునూ కాపాడుతుంది. రెంటికీ ఒకటే కవచం. ఒక చరణంలో వదిలిన అర్థం మరో చరణంలో పూర్తయినట్టుండే ఈ అన్వయం ఎంతసేపు తలచుకున్నా తనివి తీరదు.

ఇప్పుడు క్రోమ్ గురించి. మెరుపు చూసి క్రోమ్‌ను తేలికగా తీసిపారేసే రసజ్ఞత నాకు రుచించదు. బుల్లెట్టు బండి సైలెన్సరులో ఆకాశం కనబడుతుంటే ఆగి చూడనివాడెవడు? ఆ మెరుపులో ఒక విశేషం ఉంది. పైన కనబడే క్రోమియం అరమైక్రాను కూడా ఉండదు. దానికి కంటికి కనబడని పగుళ్లు, రంధ్రాలు ఉంటాయి. కాపాడే పని కింద ఉన్న నికిల్‌ది. నికిల్ మైనస్ 0.25 వోల్టుల దగ్గర ఉంది, ఇనుముకంటే పెద్దమనిషి తరహా లోహం. కాబట్టి ఒక రంధ్రం ఉక్కుదాకా దిగితే నికిల్ కదలదు, ఉక్కే కరుగుతుంది. అదీ ఒకే చుక్క దగ్గర లోతుగా. సముద్రం పక్కన తక్కువ రకం క్రోమ్ మీద సూదిమొనలంత ఎర్రచుక్కలు పొడవడానికి కారణం ఇదే. మంచి పనివాళ్లు దీనికి విరుగుడు కనిపెట్టారు. నికిల్‌ను రెండు పొరలుగా వేస్తారు: కింద గంధకం లేని సెమీ బ్రైట్, పైన గంధకం కలిసిన బ్రైట్. గంధకం ఉన్న పైపొర ముందు కరుగుతుంది. పైనుంచి దిగిన తుప్పు కింది పొరను తాకగానే లోతుకు వెళ్లడం మాని అడ్డంగా పాకుతుంది. ఉక్కు దాకా చేరదు. ఇక్కడా అదే వరస. పైన ఎంత మెరుపున్నా, లోపల ఒక పొర ముందుగా పోవడానికి ఒప్పుకుంటేనే ఆ మెరుపు నిలుస్తుంది. క్రోమ్‌లో గొప్పది, చవకది అన్న భేదం కంటికి కనబడని ఈ పొర దగ్గరే తేలిపోతుంది.

పూత ఎంపికలో ప్రాణాల మీదికి తెచ్చే చోటు ఒకటుంది. తల మీద 10.9, 12.9 అని అచ్చుపోసి ఉండే హైటెన్సిల్ బోల్టులు సస్పెన్షన్‌లోనూ, స్టీరింగులోనూ, ఇంజన్లోనూ ఉంటాయి. ఆమ్లంలో కడిగేటప్పుడు, కరెంటుతో జింకు ఎక్కించేటప్పుడు పుట్టే హైడ్రోజన్ పరమాణువులు ఆ గట్టి ఉక్కులోకి దూరిపోతాయి. బిగించినప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటల తరువాతో, కొన్ని రోజుల తరువాతో బోల్టు తల పుటుక్కున తెగిపోతుంది. అందుకే ప్లేటింగు కాగానే, రంగుపొర వేయకముందే, వాటిని 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఓవెన్లో ఉంచి హైడ్రోజన్‌ను బయటికి పంపాలి. ఆ వేడి తరువాత వేస్తే క్రోమేటు పొర నిలుస్తుంది. ముందు వేస్తే వేడికి చెడిపోతుంది. పని వరసలోనూ ఔచిత్యమే. బలం ఎక్కువగా ఉన్న ఉక్కు పూత విషయంలో ఎక్కువ సుకుమారంగా ఉండటం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది.

ఇలాంటి బోల్టులకు జింక్ ఫ్లేక్ పూత వచ్చింది. సన్నని జింకు, అల్యూమినియం రేకుల పొడిని బైండరులో కలిపి బోల్టులను ముంచి, గిర్రున తిప్పి ఎక్కువైనదాన్ని దులిపి, దాదాపు 300 డిగ్రీల వరకూ కాలుస్తారు. కరెంటు లేదు, హైడ్రోజన్ భయం లేదు. రేకులు ఒకదానిమీద ఒకటి పరుచుకుని ఉప్పునీటిని చుట్టుదారి పట్టిస్తాయి. పది మైక్రాన్ల దగ్గరే మంచి రక్షణ ఇచ్చే ఈ పూత రంగు మెరుపులేని వెండి బూడిద. కొత్త కారు సస్పెన్షన్ కిందికి వంగి చూస్తే మెరవకుండా, పట్టు బిగిసి ఉన్న ఆ బూడిద తలలు కనబడతాయి. వాటిలో గాంభీర్యం ఉంది.

జింకులో 12 నుంచి 16 శాతం నికిల్ కలిపిన పూత ఈ కాలపు మరో మేలు. నికిల్ చేరడంతో జింకు కరిగే తొందర తగ్గుతుంది. ఇనుముకంటే ముందు పోయే గుణం మాత్రం పోదు. త్యాగబుద్ధిని ఉంచుకుని ఆవేశాన్ని తగ్గించుకున్న లోహం అది. బ్రేకు క్యాలిపర్లకు, ఇంధన గొట్టాల కొసలకు దీన్ని వేస్తారు. ఉప్పుతుంపర పరీక్షలో మామూలు జింకు ప్లేటింగు సాధారణంగా వంద, రెండొందల గంటల్లో ఎరుపు చూపిస్తే, ఇది 700 గంటలు దాటి నిలుస్తుంది. ఆ పరీక్ష గురించి కూడా ఒక మాట. అయిదు శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల పెట్టెలో పొగమంచులా చిమ్ముతూ ఉంటారు. 1939 నుంచి ఏఎస్టీఎం బీ117 పేరుతో ఉన్న పరీక్ష. పూతకు పూతకు పోలిక చెప్పడానికి అది పనికొస్తుంది, ఏళ్ల లెక్క చెప్పడానికి పనికిరాదు. ఎందుకంటే ఆ పెట్టెలో జింకు ఆరడానికి వీలుండదు. బయట ఎండ తగిలి ఆరినప్పుడు జింకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకుని తన మీద గట్టి కార్బొనేటు పొరను కట్టుకుంటుంది. ఆ బూడిద పొరే దాని దీర్ఘాయువు.

స్టీలు బోల్టులు, మన మెకానిక్కుల మాటలో ఎస్సెస్, అన్నిచోట్లా మంచివనుకునేవాళ్లు చాలామంది. తీరాన 304 రకానికి గోధుమరంగు మరకలు పడతాయి. రెండు, మూడు శాతం మాలిబ్డినం ఉన్న 316 రకమే అక్కడ మెరుగు. స్టీలు పక్కన ఏ లోహం ఉందన్నది దానికంటే ముఖ్యం. పెద్ద స్టీలు పలకకు చిన్న ఇనుప బోల్టు బిగిస్తే, పలక ఆకలంతా ఆ చిన్న బోల్టు మీద పడుతుంది. బోల్టు చూస్తుండగానే పోతుంది. అల్యూమినియానికి స్టీలు బోల్టు నేరుగా బిగిస్తే బోల్టు చుట్టూ తెల్లపొడి పుట్టి అల్యూమినియం గుంటలు పడుతుంది. మంచి పొరుగు లేనిచోట గొప్ప లోహమూ కీడే చేస్తుంది.

ఈ ఔచిత్యమంతా ఒకేచోట చూడాలంటే ఫిషింగ్ హార్బరుకు వెళ్లి చేపలు ఎత్తే వ్యాను కింద వంగి చూడాలి. పైన మంచు కరుగుతూ ఉప్పునీళ్లు బాడీ సందుల్లోంచి చాసిస్ మీదికి కారుతూనే ఉంటాయి. విశాఖలో ఇంత కఠినమైన పరీక్ష మరే బండికీ లేదు. అలాంటి వ్యానుకు సరైన పూతల కూర్పు ఇలా ఉండాలి: బాడీని చాసిస్‌కు పట్టే బోల్టులు హాట్ డిప్ జీఐ. స్ప్రింగు పట్టీల యూ బోల్టులు హైటెన్సిల్ కాబట్టి జింక్ ఫ్లేక్. బ్రేకు గొట్టాల ఫిట్టింగులకు జింకు–నికిల్. క్యాబిన్ లోపలి మరలకు నీలి జింకు ప్లేటింగు చాలు. సైలెన్సరు దగ్గర జింకు పెట్టకూడదు. 419 డిగ్రీల దగ్గర కరిగే లోహం ఆ వేడికి తగదు, అక్కడ ఎస్సెస్ స్టడ్డులే సరి. బ్యాటరీ కేబుల్ కొసలకు తగరపు పూత. జీఐ మీద రంగు వేస్తే రెండూ విడివిడిగా ఇచ్చే ఆయుష్షు మొత్తం కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. జింకు రంగు కింద తుప్పు పాకనివ్వదు, రంగు జింకును ఊరికే కరగనివ్వదు. ఈ కూర్పులో ఏ రెండు పూతలూ పోటీపడవు. ప్రతిదీ తన వేడిని, తన బలాన్ని, తన పొరుగును, తన తడిని బట్టి వచ్చి కూర్చుంది. నేను చూసిన ఏ కూర్పులోనూ ఇంత సమన్వయం కనబడలేదు.

2002 నుంచి ఆర్కే బీచ్ ఒడ్డున నిలబడి ఉన్న కుర్సురా జలాంతర్గామిని చూడ్డానికి జనం వస్తూ ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరిన ఆ ఉక్కుదేహాన్ని ఈ ఉప్పుగాలిలో నిలుపుతున్నవి రంగు, మరమ్మతు, మనుషుల శ్రద్ధ. ఇక్కడ ఏ ఉక్కూ తనంతట తాను నిలవదు; ఎవరో ఒకరు దాని పక్షాన నిలబడాలి. బోల్టు విషయంలో ఆ ఎవరో ఒకరు జింకు. దానికి పేరు లేదు, మెరుపు కొన్నాళ్లదే. తెల్లబారుతుంది, బూడిదబారుతుంది, కరిగిపోతుంది. అది పూర్తయిన రోజున ఉక్కు కనబడుతుంది. అప్పుడు బోల్టు మార్చుకోవాలి. ఇంత నిజాయితీగా తన లెక్క తానే చూపించే అందం అరుదు.

కాబట్టి నా తీర్పు ఇది: సముద్రం పక్కన మెరిసే పూతకంటే కరగడానికి సిద్ధపడిన పూత అందమైనది. అది తగిన చోట ఉన్నప్పుడు మరీ అందమైనది. విశాఖలో బండి ఉన్న ప్రతివారికీ ఒక విన్నపం. ఈసారి ఆటోనగర్లో నట్టు బోల్టు కొనేటప్పుడు ధరతో ఆగకండి. పూత ఏమిటి, ఎన్ని మైక్రాన్లు, హైటెన్సిల్ అయితే ఓవెన్లో కాల్చారా అని అడగండి. బండి మీద పేరుకున్న ఉప్పును వారానికోసారి మంచినీళ్లతో కడిగి, ఎండలో ఆరనివ్వండి. పోరాడి తెచ్చుకున్న ఉక్కును కాపాడుకోవడానికి అంతకంటే ఎక్కువేమీ అక్కర్లేదు.